కొత్త డైవర్‌కు డైవ్ కంప్యూటరు: ఏది కొనాలి, అసలు ఇప్పుడే కొనాలా?

పెన్నాతీరం (కావలి)

ఈ వేదికలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఈ మధ్యనే పుదుచ్చేరిలో స్కూబా ప్రాథమిక కోర్సు పూర్తిచేసి, 18 మీటర్ల లోతు వరకు దిగే అర్హత పొందాను. సంక్రాంతి తరువాత మా బావగారితో కలిసి అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు వెళ్ళి, కొన్ని రోజులు వరుసగా డైవింగ్ చేయాలని అనుకుంటున్నాము. కోర్సులో వారిచ్చిన డైవ్ కంప్యూటరునే చేతికి కట్టుకున్నాను గాని, తెరమీద కనిపించే అంకెల్లో లోతు, సమయం తప్ప మిగిలినవి నాకు సరిగా బోధపడలేదు.

ఇప్పుడు సొంతంగా ఒకటి కొనుక్కోవాలని ఉంది. ఒకే బటన్ ఉండే క్రెస్సీ లియొనార్డో, సూంటో జూప్ నోవో, రంగుల తెర ఉన్న షీర్‌వాటర్ పెరెగ్రిన్, ఈ మూడింటి దగ్గర ఆగిపోయాను. మొదటి రెండింటికంటే మూడవదాని ధర రెండింతలకు పైగా ఉంది. మన నెల్లూరు జిల్లాలో వీటిని చేతితో పట్టి చూడడానికి దుకాణం లేదు, చెడిపోతే బాగుచేయించడానికి చెన్నై దాకా పోవలసిందే. నా వయసు 46 సంవత్సరాలు, చదవడానికి కళ్ళజోడు కావాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప సముద్రంలోకి దిగలేని నావంటివాడు ఏది చూసి కొనాలో దయచేసి చెప్పగలరు.

భౌతికశాస్త్రం మాస్టారు (ఒంగోలు)

పెన్నాతీరం గారూ, మోడల్ సంగతికి ముందు ఆ పరికరం చేసే లెక్క ఏమిటో చూద్దాము. అది తెలిస్తే దుకాణదారు చెప్పే సగం విశేషాలు మీకు అక్కరలేనివని మీకే తెలుస్తుంది.

డైవ్ కంప్యూటరు మీ శరీరంలో దేనినీ కొలవదు. చుట్టూ ఉన్న నీటి పీడనాన్ని, గడుస్తున్న కాలాన్ని కొలిచి, ఆ రెండింటి నుంచి మీ ఒంట్లోకి ఎంత నత్రజని చేరి ఉంటుందో గణితం ద్వారా ఊహించి, ఆ లోతులో ఇంకా ఎన్ని నిమిషాలు ఉండవచ్చో చూపుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు దాదాపు ఒక బార్ పీడనం పెరుగుతుంది గనుక 18 మీటర్ల వద్ద, పైనున్న గాలి ఒక బార్‌తో కలిపి, మొత్తం పీడనం 2.8 బార్లు. గాలిలో నత్రజని 79 శాతం కాబట్టి, ఒడ్డున 0.79 బార్‌గా ఉండే దాని పాక్షిక పీడనం, అంటే మొత్తం పీడనంలో దాని వాటా, అక్కడ 2.2 బార్లవుతుంది. ఆ తేడా ఉన్నంతసేపూ నత్రజని రక్తంలోకి, రక్తం నుంచి కండరాల్లోకి, కొవ్వులోకి చేరుతూనే ఉంటుంది.

అయితే అన్ని కణజాలాలూ ఒకే వేగంతో నిండవు. పలుచటి నేత చీర, మందపాటి జంపఖానా ఒకే గంగాళంలో వేస్తే చీర వెంటనే నానుతుంది, దండెం మీద వేస్తే వెంటనే ఆరుతుంది. జంపఖానా నానడమూ ఆలస్యమే, ఆరడమూ ఆలస్యమే. ఈ తేడాను లెక్కలోకి తెచ్చిన మొదటివాడు బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన మేకల మీద ప్రయోగాలు చేసి, 1908లో శరీరాన్ని అయిదు ఊహాత్మక విభాగాలుగా భావించి పట్టికలు తయారుచేశాడు. తరువాత జూరిచ్‌లో వైద్యుడైన ఆల్బర్ట్ బ్యూల్మన్ వాటిని 16 విభాగాలకు పెంచాడు. వాటిలో అతి వేగమైన విభాగం 4 నిమిషాలలో సగం నిండితే, అతి నెమ్మదైనది సగం నిండడానికి 635 నిమిషాలు పడుతుంది. మీరు చెప్పిన పెరెగ్రిన్‌లో నడిచేది ఈ బ్యూల్మన్ లెక్కే. సూంటో, క్రెస్సీ యంత్రాలు ఆర్‌జీబీఎం అనే మరొక పద్ధతిని అనుసరిస్తాయి, కాని దానికీ మూలం హాల్డేన్ ఆలోచనే.

ఆ 635 నిమిషాల విభాగాన్ని గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నం చేసిన డైవ్ తాలూకు నత్రజని మరునాటి ఉదయం వరకు ఆ విభాగంలో కొంత మిగిలే ఉంటుంది. అండమాన్‌లో రోజుకు రెండు మూడు డైవ్‌ల చొప్పున వరుసగా కొన్ని రోజులు దిగేవారికి, మొదటి డైవ్ నుంచి చివరి డైవ్ దాకా ఒకే కంప్యూటరు అదే చేతికి ఉండడం తెర రంగులకన్నా ఎన్నోరెట్లు ముఖ్యం.

పాకల తీరం (సింగరాయకొండ)

మాస్టారు చెప్పినది అర్థమయింది గాని, ఏడాదికి ఒకసారి వెళ్ళేవారికి సొంత కంప్యూటరు ఎందుకండీ? డైవింగ్ కేంద్రాల్లో అద్దెకిస్తారు. ఆ డబ్బుతో ఇంకో నాలుగు డైవ్‌లు చేయవచ్చు, నీటి అడుగున గడిపిన అనుభవమే మిగులుతుంది. కొన్న వస్తువు పదకొండు నెలలు బీరువాలో ఉండడం నాకు సబబుగా తోచదు.

తూర్పు నౌక (కొత్తపట్నం)

పాకల తీరం గారి మాటను నేను తోసిపుచ్చను, అద్దె కంప్యూటరు లేకుండా దిగడం కంటే దానితో దిగడం మేలే. అయితే అద్దె వస్తువులో రెండు చిక్కులు నాకు కనిపిస్తాయి. నౌకాదళంలో కొచ్చి డైవింగ్ పాఠశాల నుంచి మొదలుపెట్టి పదవీ విరమణ వరకు పట్టికల మీద, గడియారం మీద ఆధారపడి పనిచేసినవాడిని గనుక కొంచెం వివరంగా రాస్తాను.

అద్దెకిచ్చేచోట సాయంత్రం కంప్యూటర్లన్నీ ఒక తొట్టిలో కడిగి, ఒకే కొక్కేలవరుసకు తగిలిస్తారు. మరునాడు మీ చేతికి వచ్చేది నిన్నటిదేనని ఎవరూ హామీ ఇవ్వరు. వేరొకటి వస్తే, నిన్న మీరు చేసిన డైవ్‌ల సంగతి దానికి తెలియదు, ఒంట్లో నత్రజని ఏమీ లేనట్టే లెక్క మొదలుపెట్టి, మీకు ఉండవలసినదానికన్నా ఎక్కువ సమయం చూపిస్తుంది. అద్దెకే తీసుకునేట్టయితే మొదటి రోజే దాని వెనక ఉన్న సంఖ్యను రాసుకొని, తిరిగి వచ్చేదాకా అదే నాకు కావాలని ముందే అడిగి పెట్టుకోండి.

రెండవ చిక్కు గ్యాస్ అమరిక. మీకంటే ముందు దానిని వాడిన వ్యక్తి 32 శాతం ఆక్సిజన్ గల నైట్రాక్స్‌తో (ఆక్సిజన్ పాలు పెంచిన గాలితో) దిగి, ఆ అమరికను అలాగే వదిలేస్తే, మీరు మామూలు గాలి పీల్చుతున్నా కంప్యూటరు మాత్రం నైట్రాక్స్ లెక్కే చేస్తుంది. 18 మీటర్లలో 32 శాతం నైట్రాక్స్ పీల్చేవాడికి నత్రజని దృష్ట్యా దాదాపు 14 మీటర్ల లోతులో గాలి పీల్చినట్టే ఉంటుంది. అంటే మీరు 18లో ఉండగా ఆ యంత్రం మిమ్మల్ని 14లో ఉన్నట్టు భావిస్తుందన్నమాట. నీటిలోకి దిగే ముందు ప్రతిసారీ, సొంత కంప్యూటరైనా సరే, తెరమీద గాలి అని ఉన్నదా, శాతం ఎంత ఉన్నది అని చూడడం అలవాటు కావాలి.

ఇక పట్టికల గురించి ఒక మాట. పాడీ అనే డైవింగ్ శిక్షణ సంస్థ వారి వినోద డైవింగ్ పట్టిక గాలితో 18 మీటర్లలో 56 నిమిషాలు, 22 మీటర్లలో 37, 30 మీటర్లలో 20 నిమిషాలు మాత్రమే అనుమతిస్తుంది. మీరు 18 మీటర్లకు దిగి అయిదు నిమిషాలుండి, మిగిలిన అరగంట 10 మీటర్ల దగ్గర పగడపు దిబ్బల మీద గడిపినా, పట్టిక మొత్తం కాలాన్నీ 18 మీటర్లలో గడిపినట్టే లెక్కగడుతుంది. కంప్యూటరు మీరు నిజంగా ఉన్న లోతును క్షణక్షణం లెక్కిస్తుంది కాబట్టి మీకు ఎక్కువ సమయం మిగులుతుంది. ఆ మిగులును పూర్తిగా వాడేసుకోవడం మాత్రం నాకు ఇష్టం ఉండదు. తెరమీద మిగిలిన సమయం సున్నాకు చేరేదాకా కిందనే ఉండేవారిని చూస్తే నాకు ఇప్పటికీ ఆందోళనగానే ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, కొనండి, సాదాది కొనండి, మూడు నెలల ముందే కొని దానితో ఇంటిలో కూర్చొని పరిచయం పెంచుకోండి.

డాక్టరమ్మ (నెల్లూరు)

తూర్పు నౌక గారు చివర వ్యక్తపరిచిన ఆందోళన వైద్యపరంగా పూర్తిగా సమంజసం. కంప్యూటరులో ఉన్న గణితానికి మీ వయసు, బరువు, ఆ రోజు మీరు ఎంత నీరు తాగారు, రాత్రి ఎంత నిద్రపోయారు అన్న సంగతులు తెలియవు. నిబంధనలన్నీ పాటించినవారికి కూడా అరుదుగానైనా డీకంప్రెషన్ జబ్బు, అంటే పైకి వచ్చి పీడనం తగ్గినప్పుడు ఒంట్లోని నత్రజని బుడగలు కట్టడంవల్ల కలిగే జబ్బు, వస్తుంది. కీళ్ళనొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిరి, తలతిరుగుడు, అకారణమైన నీరసం దాని లక్షణాలు. ఇవి ఎక్కువమందిలో పైకి వచ్చిన కొద్ది గంటల్లోనే కనబడతాయి. పడవ కుదుపువల్ల అనుకొని సర్దుకుపోకుండా వెంటనే నూరుశాతం ఆక్సిజన్ ఇప్పించి, పీడన గది ఉన్న ఆసుపత్రికి చేరాలి. అండమాన్‌లో అయితే శ్రీవిజయపురంలోని (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌ఎచ్‌ఎస్ ధన్వంతరి ఉంది.

కాబట్టి కంప్యూటరు కొనేటప్పుడు భద్రతాస్థాయిని పెంచుకునే వీలు ఉన్నదా అని తప్పక చూడండి. జూప్ నోవోలో దీనికి పీ0, పీ1, పీ2 అని మూడు మెట్లు ఉంటాయి, మిగిలినవాటిలోనూ ఏదో ఒక పేరుతో ఉంటుంది. 46 ఏళ్ళ వయసులో, ఏడాదికోసారి దిగేవారు ఒక మెట్టు పైన పెట్టుకుంటే మీరు పోగొట్టుకునేది డైవ్‌కు కొన్ని నిమిషాలు మాత్రమే.

మన ప్రాంతంవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం ఇంకొకటి ఉంది. పుదుచ్చేరిలోనో చెన్నైలోనో డైవింగ్ చేసి, తిరుగు ప్రయాణంలో ఎలాగూ దారే గదా అని తిరుపతి మీదుగా కొండకు వెళ్ళి స్వామివారిని దర్శించుకొని నెల్లూరు చేరేవారు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు. తిరుమల సముద్రమట్టానికి 800 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, అంత ఎత్తులో గాలి పీడనం ఇంకా తగ్గుతుంది. విమానయానానికి ముందు డైవర్లు ఎంతసేపు ఆగాలో చెప్పే డాన్ అనే డైవర్ల భద్రతా సంస్థ సూచనలు 2,000 అడుగుల నుంచి, అంటే సుమారు 600 మీటర్ల నుంచి వర్తిస్తాయి. ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువ చేసినవారు గాని, వరుస రోజుల్లో చేసినవారు గాని కనీసం 18 గంటలు ఆగాలి. కాబట్టి ఉదయం రెండు డైవ్‌లు చేసి సాయంత్రం ఘాట్ రోడ్డు ఎక్కడం తగదు. దర్శనం ముందు పెట్టుకోండి, లేదా ఒక రాత్రి కింద బస చేసి మరునాడు ఎక్కండి. అండమాన్ నుంచి చెన్నై విమానానికీ ఇదే లెక్క, చివరి పూర్తి రోజును డైవింగ్ లేకుండా ఉంచుకోండి. చాలా కంప్యూటర్లు విమానం బొమ్మ పక్కన ఈ గంటలను చూపుతాయి. ఆ బొమ్మ ఉన్నంతసేపూ కొండ కూడా ఎక్కకూడదని అర్థం చేసుకోండి.

పెన్నాతీరం (కావలి)

డాక్టరు గారూ, తిరుమల సంగతి ఎంత మేలు చేశారో చెప్పలేను, మా ప్రయాణంలో తిరుగుదారిలో కొండ ఉంది. ఈ రోజే దానిని ముందుకు మార్చాము.

మాస్టారూ, ఒక సందేహం. మా బావగారి దగ్గర ఇప్పటికే పెరెగ్రిన్ ఉంది. నేను లియొనార్డో తీసుకుంటే ఇద్దరం పక్కపక్కనే దిగినా రెండు కంప్యూటర్లు వేరువేరు సమయాలు చూపుతాయి గదా. అప్పుడు ఏ అంకెను నమ్మాలి?

భౌతికశాస్త్రం మాస్టారు (ఒంగోలు)

తక్కువ సమయం చూపేదానిని అనుసరించాలి. ఇద్దరూ కలిసి దిగి కలిసి రావలసినవారే గనుక, ఎవరి కంప్యూటరు ముందుగా పైకి రమ్మంటే ఇద్దరూ అప్పుడే రావాలి. దిగేముందు పడవమీదనే ఈ ఒప్పందం చేసుకోండి, అడుగున సైగలతో వాదించుకోవడం కుదరదు.

తేడా ఎందుకు వస్తుందో కూడా చెప్పుతాను. బ్యూల్మన్ ప్రతి విభాగానికీ ఒక గరిష్ఠ సహనపరిమితిని నిర్ణయించాడు. ఆ పరిమితిలో నూటికి ఎంతవరకు వెళ్ళనివ్వాలో చెప్పే జంట అంకెలనే గ్రేడియెంట్ ఫ్యాక్టర్లు అంటారు. పెరెగ్రిన్‌లో మధ్యస్థ భద్రతకు అవి 40/85. రెండవ అంకె మీకు ముఖ్యం. పైకి తేలే క్షణంలో ఏ విభాగమూ బ్యూల్మన్ పరిమితిలో 85 శాతాన్ని దాటకూడదని దాని భావం. ఎక్కువ భద్రత ఎంచుకుంటే అది 35/75 అవుతుంది, తక్కువకు 45/95. ఇక్కడ ఆ పరికరానికి ఒక మంచి మార్కు వేయక తప్పదు. అది ఏ అంకెతో లెక్కిస్తున్నదో మీకు బాహాటంగా చెబుతుంది. ఆర్‌జీబీఎం యంత్రాల్లో లోపలి లెక్క కనిపించదు, భద్రతాస్థాయి మెట్లు మాత్రమే కనిపిస్తాయి. అయితే అవి తక్కువ విరామంతో వెంటవెంటనే చేసే డైవ్‌ల విషయంలో సమయాన్ని బాగా కుదిస్తాయి. కొత్తవారికి అదేమీ లోటు కాదని నా నమ్మకం.

ఇంకొక తేడా ఉంది. పైకి వచ్చే దారిలో తప్పనిసరిగా ఆగమన్నచోట ఆగకుండా వచ్చేస్తే సూంటో వంటివి 48 గంటలపాటు లెక్క చెప్పడం మానేసి, లోతు, సమయం మాత్రమే చూపుతాయి. షీర్‌వాటర్ అలా తాళం వేసుకోదు. దీనిని కొందరు లోపమంటారు, కొందరు సుగుణమంటారు. 18 మీటర్ల పరిమితిలో ఉండే మీకు ఆ పరిస్థితి రానే రాకూడదు.

మైపాడు అల (నెల్లూరు, ప్రస్తుతం చెన్నై)

లెక్కల గురించి పెద్దలు చెప్పినదానికి నేను కలిపేది ఏమీ లేదు. చేతికి కట్టుకున్న తరువాత సంగతి రాస్తాను.

డైవ్ చివర 5 మీటర్ల దగ్గర భద్రత కోసం మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎడమచేతితో జాకెట్ గొట్టాన్ని పైకెత్తి పట్టుకొని ఉంటారు, కుడిచేయి లంగరు తాడు మీద ఉంటుంది. పైన అల ఊగినప్పుడల్లా తాడు లాగుతుంది, తెరమీద లోతు 4.6, 5.3, 4.9 అని మారుతూనే ఉంటుంది, దాని పక్కనే నిమిషాలు, సెకన్లు వెనక్కి లెక్కబెడుతూ ఉంటాయి. పుదుచ్చేరిలో నీరు మసకగా ఉన్న రోజున ఆ అంకెలు కనిపించాలంటే చేయి ముఖానికి దగ్గరగా తెచ్చుకోవాలి. చత్వారం ఉన్నవారికి దగ్గరగా తెస్తే ఇంకా మసకబారుతుంది. అందుకని నేను కంప్యూటరును తాడు పట్టుకునే కుడిచేతికే కట్టుకుంటాను. అది ముఖానికి ఎదురుగా, చేయి చాచినంత దూరంలో నిలకడగా ఉంటుంది.

పెన్నాతీరం అన్నా, మీ ప్రశ్నకు నా జవాబు ఈ దృశ్యంలోనే ఉంది. మీరు చేయి చాచి, కళ్ళజోడు లేకుండా, మసక వెలుతురులో ఏ తెరమీది లోతును, మిగిలిన సమయాన్ని తడుముకోకుండా చదవగలరో అదే మీ కంప్యూటరు. పెరెగ్రిన్ తెర 2.2 అంగుళాలు, వెలుగు దానిదే, రంగు కూడా ఉంటుంది కాబట్టి చీకటిలో దానికి సాటి లేదు. లియొనార్డో తెర నలుపు తెలుపుదే గాని ముఖ్యమైన అంకెలు చాలా పెద్దవి, వెనుక దీపం ఉంది. జూప్ నోవోకు నాలుగు బటన్లు, వాటి వరుస అలవాటుకావడానికి కొంత సమయం పడుతుంది. లియొనార్డోకు ఒక్కటే బటన్ గనుక తికమక లేదు, కాని గడియారం సరిచేయాలన్నా, ఆక్సిజన్ శాతం మార్చాలన్నా నొక్కుతూనే ఉండాలి. చెన్నైలో డైవింగ్ సామాన్లు అమ్మేచోటుకు ఒకరోజు రండి, మాస్కు పెట్టుకొని, గదిలో దీపాలు తగ్గించమని అడిగి, చదివి చూడండి. మొహమాటపడకండి.

పైకి వచ్చే వేగాన్ని ఎలా హెచ్చరిస్తుందో కూడా చూడాలి. నిమిషానికి 9 లేక 10 మీటర్లకు మించకూడదన్నది ఇప్పటి పద్ధతి. 30 నుంచి 20 మీటర్లకు వస్తే పీడనం 4 బార్ల నుంచి 3కు తగ్గుతుంది, 10 నుంచి నీటి పైకి వస్తే ఏకంగా సగమైపోతుంది. కాబట్టి ఆ చివరి భాగంలో తొందరపడితేనే ఎక్కువ హాని. కొన్నిటిలో పక్కన గీతలు పెరుగుతాయి, కొన్ని గట్టిగా కూతపెడతాయి. పడవ మోటారు, బుడగల చప్పుడు మధ్య కూత ఎవరిదో తెలియదు, కంటికి కనిపించే హెచ్చరిక ఉండడం మేలు.

బ్యాటరీ విషయంలో నెల్లూరువారికి సాదా కంప్యూటర్లే అనుకూలమని నా అభిప్రాయం. లియొనార్డోలో సీఆర్ 2430, జూప్ నోవోలో సీఆర్ 2450 బటన్ సెల్ ఉంటుంది, వాడేవారే మార్చుకోవచ్చు. మూత తీసినప్పుడు ఓ-రింగ్ (నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం) మీద ఒక వెంట్రుక గాని, ఇసుక రేణువు గాని ఉంటే నీరు లోపలికి పోతుంది కాబట్టి, తెల్లటి గుడ్డ పరిచి, ఫ్యాను ఆపి, నిదానంగా చేయాలి. వాచీ బాగుచేసేవారికి ఇచ్చి మార్పించవద్దు, వారి దగ్గర సరైన ఓ-రింగ్ ఉండదు. పెరెగ్రిన్‌ను తీగ లేకుండా ఛార్జి చేసుకోవచ్చు, ప్రతి ప్రయాణానికీ అది సులువే. కాని లోపలి బ్యాటరీ బలహీనపడ్డాక మార్చడం మన చేతిలో ఉండదు.

ఇంటికి తెచ్చాక కడిగే నీటి గురించి ఎవరూ చెప్పరు. ఉప్పునీటిని మంచినీటితో కడగమంటారు గాని, ఒంగోలు, కనిగిరి వైపు బోరు నీరు ఆరాక వస్తువు మీద తెల్లటి పొర మిగులుతుంది. ఆ పొర పీడనాన్ని గ్రహించే రంధ్రం మీద, నీటిని గుర్తించే లోహపు చుక్కల మీద పేరుకుంటే, నీటిలో ఉన్నానని భ్రమపడి కంప్యూటరు ఆన్‌లోనే ఉండి బ్యాటరీ అయిపోతుంది. క్యాను నీళ్ళు ఒక గిన్నెలో పోసి గంటసేపు నానబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మన ఊళ్ళలో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం దీనిని ఎప్పుడూ వదిలిపెట్టకండి.

పాకల తీరం (సింగరాయకొండ)

ట్యాంకులో గాలి ఎంత ఉందో కూడా తెరమీదనే చూపించే కంప్యూటర్లు ఉన్నాయి గదా, కొనేదేదో అదే కొంటే రెండూ ఒకచోట ఉంటాయి. అక్కా, మీరేమంటారు?

మైపాడు అల (నెల్లూరు, ప్రస్తుతం చెన్నై)

ట్యాంకుకు బిగించే ట్రాన్స్‌మిటర్ విడిగా కొనాలి, దానికీ బ్యాటరీ ఉంటుంది. మొదటి ఏడాది గొట్టం చివర ఉండే ముల్లు గేజ్‌నే చూడడం అలవాటు చేసుకోండి. ట్యాంకులో పీడనం సగానికి వచ్చిందని బడ్డీకి, అంటే జతగా దిగినవారికి, సైగ చేయడం వంటివి ఆ అలవాటుతోనే స్థిరపడతాయి.

గూడూరు నిమ్మతోట

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. నా దగ్గర యాపిల్ వాచ్ అల్ట్రా ఉంది. అది డైవ్ కంప్యూటరుగా పనిచేస్తుందని విన్నాను. వేరే కొనవలసిన అవసరం ఉందా?

భౌతికశాస్త్రం మాస్టారు (ఒంగోలు)

పనిచేస్తుందండీ. ఓషియానిక్ ప్లస్ అనే యాప్‌తో 40 మీటర్ల వరకు, బ్యూల్మన్ లెక్క ప్రకారమే చూపుతుంది. వినోద డైవింగ్ పరిమితి కూడా అంతే. అయితే డీకంప్రెషన్ సమాచారం కోసం ఆ యాప్‌కు చందా కట్టాలి, రోజూ ఛార్జి పెట్టాలి, నీటిలో తెర తాకితే స్పందించదు గనుక పక్క బటన్లతోనే నడపాలి. ఫోన్ కాల్స్‌కు, నడకకు, డైవింగ్‌కు ఒకే వస్తువు వాడేవారు డైవింగ్ రోజున ఉదయం అది పూర్తిగా నిండి ఉన్నదో లేదో చూసుకోవాలి. ఉన్నది వాడండి, మీ కోసం కొత్తది కొనమని నేను చెప్పను.

తూర్పు నౌక (కొత్తపట్నం)

మాస్టారి మాటకు తోడు, ఆ వాచీకి పెద్ద స్ట్రాప్ విడిగా తీసుకోండి. వెట్‌సూట్ మీద కట్టినది 18 మీటర్ల లోతులో సూట్ నొక్కుకుపోయి వదులవుతుంది. పైన సరిగ్గా బిగించినా కింద జారుతుంది, సాగే స్ట్రాప్ అయితే జారదు.

పెన్నాతీరం (కావలి)

అందరికీ ధన్యవాదాలు. పోయిన ఆదివారం చెన్నై వెళ్ళి, మైపాడు అల గారు చెప్పినట్టే మాస్కు పెట్టుకొని, దీపాలు తగ్గించమని అడిగి చదివి చూశాను. చేయి చాచిన దూరంలో లియొనార్డో పెద్ద అంకెలు కళ్ళజోడు లేకుండా సులువుగా కనిపించాయి. పెరెగ్రిన్ ఇంకా స్పష్టంగా ఉందన్నది నిజమే, కాని ఆ తేడాకు అంత డబ్బు పెట్టడంకన్నా, మిగిలినది 30 మీటర్ల అడ్వాన్స్‌డ్ కోర్సుకు ఉంచుకోవడం మంచిదనిపించింది. లియొనార్డోయే ఖాయం చేసుకున్నాను.

అయితే అక్కడే ఒకరు తాము వాడిన లియొనార్డోను తక్కువ ధరకు ఇస్తామన్నారు. తీసుకోవచ్చునా, దేనిని పరీక్షించాలి?

తూర్పు నౌక (కొత్తపట్నం)

తీసుకోవచ్చు, కాని ఈ క్రింది విషయాలు చూడకుండా డబ్బు ఇవ్వవద్దు. బ్యాటరీ మూత వారిచేతనే తీయించి లోపల చూడండి. స్ప్రింగు మీద పచ్చటి చిలుము ఉంటే నీరు ఒకసారి లోపలికి పోయిందని అర్థం, అక్కడితో వదిలేయండి. నీటి బయట లోతు సున్నా చూపాలి. జ్ఞాపకంలో ఉన్న చివరి డైవ్‌లను తెరమీద తిప్పించి, లోతులు, సమయాలు నమ్మదగినట్టు ఉన్నాయా చూడండి. ఇవన్నీ బాగున్నా, పీడనం కొలిచే భాగం సరిగా ఉందో లేదో బల్లమీద తేలదు. లోతైన ఈతకొలనులో ఇంకొక మంచి కంప్యూటరు పక్కన పెట్టి, అడుగున రెండింటి లోతు పోల్చి చూస్తేనే తెలుస్తుంది. ఈ యంత్రాలు చాలావరకు సముద్రపు నీటికి సరిపెట్టినవి గనుక, మంచినీటిలో చూపే లోతు రెండు మూడు శాతం తక్కువగా ఉండవచ్చు, అది లోపం కాదు. రెండు కంప్యూటర్ల మధ్య తేడా ఎంత అన్నదే చూడవలసినది. అంత వీలు అమ్మేవారు ఇవ్వకపోతే, కొత్తదే తీసుకోండి తమ్ముడూ, వారంటీ కాగితం ఉంటుంది.

తెచ్చుకున్నాక ప్లాన్ అనే విభాగంలోకి వెళ్ళి, 12, 15, 18 మీటర్లకు అది ఎన్ని నిమిషాలు ఇస్తుందో ఒక పుస్తకంలో రాయండి. పక్కనే మీ కోర్సు పట్టికలోని అంకెలు, మీ బావగారి పెరెగ్రిన్ చూపే అంకెలు కూడా రాసి, మూడు వరుసలూ ఇక్కడ పెట్టండి. భద్రతాస్థాయి ఏ మెట్టులో ఉంచాలో అవి చూశాక మాట్లాడుకుందాము.